పేపరు ఒకటే అయితే చాలదా, మాస్టారూ?

మాస్టారితో మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్రాంతి వెళ్లి ఇంకా నెల కాలేదు, ఉత్తరాలన్నీ పరీక్షల మీదే. ఈసారి అయిదు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికే సగం చోటు పోయింది. మిగతావారు కోప్పడకండి.

*

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారాలు. మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన గుజరాత్‌లో వేరావల్‌లో బోటు మీద పని చేస్తారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. మా అబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. మా అన్నయ్య కొడుకు కూడా పదే, విశాఖపట్నంలో పెద్ద ప్రైవేటు స్కూలు, హాస్టలు. పండగకి అందరం కలిసినప్పుడు మా అన్నయ్య "దేశమంతా మూడో తరగతి నుంచే పిల్లలందరికీ ఒకే పరీక్ష పెట్టాలి, అప్పుడే ఎవడి సత్తా ఏటో తెలుస్తాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా వాడికి దసరా దాకా లెక్కల మాస్టారే లేరు. ఆ పిల్లాడికి రోజుకి మూడు స్టడీ అవర్లు. ఇద్దరికీ ఒకే పేపరు ఇవ్వడం న్యాయమా? కానీ రాత్రి పడుకున్నాక ఇంకోలా అనిపించింది. మా వాడికి వేరే పేపరు, తేలిక పేపరు ఇస్తే ఆ సర్టిఫికెట్‌ని ఎవరు లెక్క చేస్తారు? మీరేటంటారు?
(ఒక తల్లి, ఎచ్చెర్ల మండలం)

జవాబు: అమ్మా, మీకు రాత్రి వచ్చిన అనుమానం ఉందే, ముందు దాని దగ్గర్నుంచి మొదలుపెడతాను. పండగనాటి కోపం సంగతి తర్వాత.

మా నాన్న నరసన్నపేట దగ్గర ఒక ఆసామి ఇంట్లో కంబారి, అంటే పాలేరు. ఆసామి కొడుకూ నేనూ ఒకే తరగతి. ఆరు నుంచి పది దాకా బడిలో పెట్టిన ప్రతి పరీక్షలోనూ లెక్కల్లో అతనే ఫస్టు, నేను సెకండు. మా లెక్కల మాస్టారు చెడ్డమనిషి కాదు. నాకు చాక్‌పీసు ముక్కలిచ్చి ఇంటి గోడ మీద లెక్కలు చేసుకోమన్నది ఆయనే. కాకపోతే మధ్యాహ్నం భోజనం ఆసామి ఇంట్లో చేసేవారు. అన్నం పెట్టిన ఇంటి బిడ్డ పేపరు మీద సున్నా చుట్టాలంటే చెయ్యి ఎలా వస్తుంది? 1977లో ఇద్దరం పదో తరగతి పబ్లిక్ రాశాం. పేపర్లు కట్టలు కట్టి ఎక్కడికో పంపేశారు. దిద్దినాయనకి నేను ఎవరి కొడుకునో తెలీదు, అతను ఎవరి కొడుకో తెలీదు. లెక్కల్లో నాకు 81, అతనికి 52. అతను ఇప్పటికీ నా స్నేహితుడే. పెళ్లిళ్లకీ పేరంటాలకీ కలుస్తాం. ఈ సంగతి మాత్రం మేం ఎప్పుడూ ఎత్తుకోలేదు.

అందుకని పదో తరగతిలో అందరికీ ఒకే పేపరు ఉండాలన్నది నా మాట. పేపరు గొప్పదని కాదు. దిద్దేవాడికి బిడ్డ ఊరూ పేరూ తెలియకపోవడం గొప్ప. కూలివాడి బిడ్డకి అంతకు మించిన రక్షణ మన బడి చదువులో ఇంకొకటి నాకు కనబడలేదు.

ఆ రక్షణ తీసేస్తే ఏమవుతుందో మనం చూశాం కూడా. కొన్నేళ్లు పదో తరగతిలో పబ్లిక్ పరీక్షకి 80 మార్కులు, బడిలో టీచర్లే వేసే ఇంటర్నల్‌కి 20 మార్కులు ఉండేవి. ఉద్దేశం మంచిదే. ఏడాది పొడుగునా పిల్లవాడిని చూసిన టీచరు మాటకి విలువ ఉండాలి కదా. జరిగింది వేరు. ఇరవైకి ఇరవై వేయకపోతే తల్లిదండ్రులు బడి మారుస్తారని భయపడ్డ యాజమాన్యాలు ఇరవై వేయించాయి. పద్ధతిగా పన్నెండూ పద్నాలుగూ వేసిన సర్కారు బడి టీచరు తన పిల్లలకే నష్టం చేసినవాడయ్యాడు. నేనూ అలాంటి టీచర్నే. ఆ ఏళ్లలో నా దగ్గర చదివిన పిల్లలకి నేను క్షమాపణ బాకీ. 2019లో ఆ ఇరవై మార్కులూ తీసేశారు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలు లేవు, అందరూ పాసే. ఊళ్లలో బాణసంచా కాల్చారు. కానీ మీ మండలంలోనే ఎస్.ఎం.పురంలో ఉన్న ట్రిపుల్ ఐటీ ఉంది చూశారా, దానికీ నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు ట్రిపుల్ ఐటీలకీ పదో తరగతి మార్కులతోనే సీట్లిస్తారు. పది పరీక్షే లేకపోతే ఏ మార్కులు చూసి ఇస్తారు? వేరే ప్రవేశ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. ఒక పరీక్ష తీసేస్తే ఆ చోట ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. రెండోదానికి కోచింగు ఫీజు కట్టగలిగినవాడికి సుళువు, మీలాంటివారికి కష్టం. పోస్టాఫీసుల్లో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలూ అంతే. వాటికి రాతపరీక్ష ఉండదు, పదో తరగతి మార్కుల వరసే. మీ వాడి సర్టిఫికెట్ వేరే పేపరుదైతే ఆ వరసలో దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచదు. ఎవరికీ తోచనిది చివరికి అడుక్కే పోతుంది.

ఇక మీ కోపం. లెక్కల మాస్టారు దసరా దాకా లేని పిల్లవాడికీ, మూడు స్టడీ అవర్లున్న పిల్లవాడికీ ఒకే పేపరా అన్నారు. పేపరు ఒకటే ఉండనివ్వండి. మార్కు చదివేవాడు మాత్రం ఆ రెండిటినీ ఒకేలా చదవకూడదు. ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదు. ట్రిపుల్ ఐటీ వాళ్లు చేస్తున్నదే. హాస్టలు లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లలకి వెనుకబాటు స్కోరని 4 శాతం కలిపి ర్యాంకు కడతారు. మీ వాడికి అది వర్తిస్తుంది, మీ అన్నయ్య కొడుక్కి వర్తించదు. 600 మార్కులకి 4 శాతమంటే 24. దసరా దాకా పాఠమే లేని నాలుగు నెలలకి ఆ 24 మార్కులు సరిపోతాయా అంటే, సరిపోవు. అయినా లెక్కలోకి తీసుకున్నారు కదా, అదే పెద్ద ముందడుగు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నిబంధనలు మీరే ఒకసారి చదివించుకుని చూసుకోండి. నెట్ సెంటర్లో కుర్రాడి మీద వదిలేయకండి.

ఇంకొకటి. మీ వాడి తరగతిలో ఒక్కడికి లెక్కల్లో తక్కువొస్తే అది వాడి మార్కు. తరగతి మొత్తానికి తక్కువొస్తే అది పిల్లల మార్కు కాదు, ఆ ఖాళీ కుర్చీ మార్కు. ఒకే పేపరు లేకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టు శ్రీకాకుళంలో కూర్చున్న ఆఫీసరుకి కాగితం మీద కనబడేదే కాదు. ఫలితాలొచ్చాక నలుగురు తల్లులు కలిసి ఆ కాగితం పట్టుకుని వెళ్లండి. అడగండి. నేను హెడ్మాస్టరుగా పనిచేసిన రోజుల్లో మా మీద అధికారుల మాట కంటే గేటు దగ్గర నిలబడ్డ నలుగురు తల్లుల మాటే ఎక్కువ పనిచేసేది.

మీ అన్నయ్యగారి మూడో తరగతి సంగతి. మాస్టారు చెప్పారని ఆయనకి ఇలా చెప్పండి. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక మెతుకు పట్టి చూస్తాం, గిన్నెడన్నమూ పిసకం. దేశంలో పిల్లలు ఎలా చదువుతున్నారో చూడ్డానికి అలాంటి మెతుకు పరీక్ష ఉండనే ఉంది. నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే అన్న పేరుతో 2017లో ఒకసారి, 2021 నవంబరు 12న ఒకసారి పెట్టారు. 2024 డిసెంబరు 4న పరఖ్ సర్వే అని పేరు మార్చి 3, 6, 9 తరగతులకి పెట్టారు. కొన్ని బడులు ఎంచుకుంటారు, వాటిలో కొందరు పిల్లలు రాస్తారు. ఏ పిల్లవాడి మార్కూ బయటికి రాదు, జిల్లా పరిస్థితి వస్తుంది. మా పేటలోని ఒక బడిలో ఆ రోజు నేను చూడ్డానికి వెళ్లాను. మూడో తరగతి పిల్ల పేపరు ముగించి "పాసయ్యానా?" అని అడిగింది. నువ్వు కాదమ్మా, మేం పాసయ్యామో లేదో చూస్తున్నారు అన్నాను. ఎనిమిదేళ్ల పిల్లకి ర్యాంకు ఇచ్చి ఇంటికి పంపితే ఆ ర్యాంకు వల్ల బాగుపడేది మీ అన్నయ్యగారి కొడుకు చదివే స్కూలు హోర్డింగే.

ఒకే పేపరని అంతగా పొగిడాను కాబట్టి నా వేపు తప్పు కూడా చెప్పకపోతే బాగుండదు. పేపరు ఒకటైనా దిద్దే చేతులు వేలు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక్కొక్కరికి రోజుకి నలభై పేపర్లు. పొద్దున్న ఇరవై, భోజనాలయ్యాక ఇరవై. ఏప్రిల్ ఎండ, రేకుల కప్పు, ఫ్యాను తిరిగితే కాగితాలెగురుతాయని కట్టేస్తారు. ఒక ఏడాది సాయంత్రం నాలుగున్నరకి చివరి పేపరు దిద్దాక నాకెందుకో మనసు పీకింది. చీఫ్ ఎగ్జామినర్‌ని అడిగి, పొద్దున దిద్దిన మొదటి అయిదు పేపర్లూ మార్కులు చూడకుండా మళ్లీ దిద్దాను. రెండు పేపర్లలో తేడా వచ్చింది. ఒకదాంట్లో రెండు మార్కులు, ఒకదాంట్లో అయిదు. అదే కీ, అదే నేను, అదే రోజు. అయిదు మార్కులు తేడా వచ్చిన పిల్లవాడికి పొద్దున్న నేను వేసింది 33. పాసుకి 35 కావాలి. దిద్ది సరిచేశాను. కానీ ఆ రోజు మళ్లీ చూడని ముప్ఫయి అయిదు పేపర్ల గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్కోసారి మెలకువ వస్తుంది. 2025లో మన రాష్ట్రంలో పునఃపరిశీలనకి వెళ్లిన జవాబు పత్రాల్లో వేల సంఖ్యలో మార్కులు మారాయని చదివినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. స్పాట్‌కి వెళ్లినవాళ్లెవరూ ఆశ్చర్యపోయి ఉండరు. అందుకని, అమ్మా, ఏదైనా సబ్జెక్టులో మీ వాడు చెప్పినదానికీ వచ్చినదానికీ పొంతన లేకపోతే రీవెరిఫికేషన్‌కి పెట్టించండి. ఫీజు కడుతుంటే చెయ్యి వెనక్కి లాగకండి.

*

ప్రశ్న: మాస్టారూ, నేను కొత్తగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన టీచర్ని. మెళియాపుట్టి మండలంలో పోస్టింగ్. నా ఆరో తరగతిలో 31 మంది, అందులో 12 మంది సవర పిల్లలు. ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షకి పేపరు పైనుంచి వస్తుంది, రాష్ట్రమంతా ఒకటే. పది మంది ఏమీ రాయకుండా కూర్చున్నారు. వాళ్లకి మూడో తరగతి పుస్తకం చదవడం రాదు. ఆ సున్నాలు ఆన్‌లైన్‌లో ఎక్కించి ఏడ్చాను. నేనేం చెయ్యాలి?
(ఒక ఉపాధ్యాయిని)

జవాబు: తల్లీ, ఏడవడం వచ్చిందంటే ఉద్యోగానికి పనికొస్తావు. ఇప్పుడు కళ్లు తుడుచుకో.

పైన పదో తరగతికి ఒకే పేపరు కావాలన్నవాడినే, నీ ఆరో తరగతికి వద్దంటాను. రెండు పేపర్ల పనీ ఒకటి కాదు. పదో తరగతి పేపరు ఆ పిల్లవాడిని ఎరగని ఊళ్లో, ఎరగని ఆఫీసులో వాడి తరఫున మాట్లాడాలి. ఫార్మేటివ్ పేపరు మాట్లాడాల్సింది నీతో ఒక్కదానితోనే. రేపు పొద్దున్న ఎవరికి ఏం చెప్పాలో నీకు చెప్పడానికి. నీ పది మందికి భాగహారం రాదని నీకు పరీక్షకి ముందే తెలుసు. భిన్నాల పేపరిస్తే సున్నా వచ్చింది. ఆ సున్నా నీకు కొత్తగా ఏం చెప్పింది?

రాష్ట్రమంతా ఒకే పేపరన్నప్పుడు ఇంకో బెడద కూడా ఉంది. లక్షల కాపీలు పంచాక గుట్టు ఎక్కడుంటుంది? 2024 డిసెంబరులో సమ్మేటివ్ లెక్కల పేపరు ముందే యూట్యూబులో కనబడి పరీక్ష వాయిదా వేశారు. అమ్మానాన్నల దగ్గర స్మార్ట్‌ఫోను ఉన్న పిల్లవాడికి ఒక పేపరు, నీ సవర పిల్లలకి ఇంకో పేపరు అయినట్టే కదా.

భాష సంగతికి వద్దాం. పదో తరగతి ప్రశ్నపత్రం మన రాష్ట్రంలో తెలుగు, ఇంగ్లీషే కాదు, ఒడియా, ఉర్దూ, హిందీ, తమిళం, కన్నడంలో కూడా ఇస్తారు. ఇచ్ఛాపురం వేపు ఒడియా మీడియం పిల్లలకి అందుకే ఇబ్బంది లేదు. సవర ఆ వరసలో లేదు. చిన్న తరగతులకి సవర వాచకాలు తెలుగు లిపిలో తెచ్చారు, మంచి పనే. కానీ మూడు, నాలుగు తరగతులయ్యేసరికి పిల్లవాడు తెలుగులోకి దూకాలి, ఆపైన ఇంగ్లీషులోకి దూకాలి. నీ క్లాసులో కూర్చున్న పిల్లలు రెండో దూకుడు దగ్గర పడిపోయినవాళ్లు. తెలివితక్కువవాళ్లు కారు.

నేనూ ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సవర పిల్లవాడిని వడ్డీ లెక్కల్లో వరసగా ఫెయిల్ చేశాను. వాడు కొండ చీపుళ్ల కట్టలు తెచ్చి సంతలో అమ్మేవాడు. అప్పిచ్చిన షావుకారు ఒక కట్ట ఎక్కువ లాక్కుంటున్నాడని ఒక రోజు నా దగ్గరకొచ్చి వేళ్ల మీద లెక్క చెప్పాడు. ఆ లెక్క సరిగ్గా బారువడ్డీయే. "మరి పరీక్షలో ఎందుకు చెయ్యలేదురా?" అన్నాను. "'అసలు' అంటే ఏటో నాకు తెలీదు మాస్టారూ" అన్నాడు. వాడికి రానిది లెక్క కాదు, ప్రశ్నలోని ఒక్క మాట.

మన తెలుగు పిల్లలకీ ఈ మాటల తంటా తప్పలేదు. మనవేపు చోళ్లంటాం, పుస్తకం రాగులంటుంది. మనం గంటెలంటాం, పుస్తకం సజ్జలంటుంది. రోజూ చోడి అంబలి తాగే పిల్లవాడు పేపర్లో రాగులు చూసి "ఇదేటి మాస్టారూ?" అని అడిగేవాడు. 2023 నుంచి బడిలో రాగిజావ పోస్తున్నారు కాబట్టి ఆ ఒక్క మాటకి తిప్పలు తప్పాయి. సజ్జల జావ కూడా పోస్తే ఇంకో మాట వచ్చును.

నీ బడికి దగ్గర్లోనే పర్లాకిమిడి ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు అక్కడే మాస్టారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టారు. ఆయన వాడుక భాష ఉద్యమమంటే అందరికీ పండితుల చర్చలే గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది పరీక్ష. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసం కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయవచ్చని బోర్డు అనుమతి ఇచ్చేసరికి పెద్ద గొడవ లేచింది. అదంతా పరీక్ష పేపరు మీద పిల్లవాడు ఏ మాట రాస్తే మార్కు వేయాలన్న గొడవే. నూరేళ్లు దాటింది. నీ క్లాసులో ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు పని చెప్తాను. పైనుంచి వచ్చిన పేపరు పెట్టు, వచ్చిన మార్కే ఎక్కించు. దొంగ మార్కు వేయకు. సున్నాకి బదులు పన్నెండు వేస్తే ఆ పిల్లలు కాగితం మీద బాగున్నట్టే, వాళ్ల కోసం ఇంకెవరూ రారు. తర్వాత నీ పేపరు నువ్వు పెట్టు. పది మందికీ పది నిమిషాలు, ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని. ప్రశ్న నువ్వే చదువు. జవాబు నోటితో చెప్పనీ. తెలుగు వచ్చిన సవర పిల్ల ఒకతె ఉంటుంది, ఆమెని పక్కన పెట్టుకో. ఎవరికి ఏది వచ్చో ఒక నోట్‌బుక్కులో రాసుకో. ఆ పుస్తకం ఏ ఆన్‌లైన్‌కీ ఎక్కించక్కర్లేదు. హెడ్మాస్టరు అడిగితే చూపించు. మార్చిలో నాకు మళ్లీ ఉత్తరం రాయి.

*

ప్రశ్న: మా అబ్బాయికి చదవడంలో అక్షరాలు తారుమారవుతాయి. డిస్లెక్సియా అన్నారు విశాఖలో డాక్టరుగారు. తొమ్మిదో తరగతి. పబ్లిక్ పరీక్షకి ఎక్కువ టైము ఇస్తారట కదా. మా బంధువులు "అందరికీ ఒకే పరీక్ష అన్నప్పుడు మీ వాడికి మాత్రం గంట ఎక్కువెందుకు, ఇది మిగతా పిల్లలకి అన్యాయం" అంటున్నారు. నాకు సిగ్గుగా ఉంది.
(ఒక తండ్రి, రాజాం)

జవాబు: ఆ బంధువుల్లో కళ్లజోడు పెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, జోడు తీసి పేపరు చదవమనండి.

సిగ్గు పడకండి. ఇది ఎవరో దయ తలిచి ఇచ్చేది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన వైకల్యం కూడా ఉంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి (స్క్రైబు), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులు చేయాలని ఆ చట్టమే చెప్తుంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయమన్నారు. మీరు చేయాల్సింది ఆలస్యం చేయకపోవడం. సర్టిఫికెట్ ఇప్పుడే, తొమ్మిదిలో ఉండగానే తెచ్చుకోండి. పరీక్ష రాసేవాళ్ల జాబితా (నామినల్ రోల్స్) పంపేటప్పుడే హెడ్మాస్టరు ఈ వివరం రాయాలి. ఫిబ్రవరిలో పరిగెత్తితే పని కాదు. స్క్రైబుగా వచ్చే పిల్లవాడితో మీ వాణ్ణి ముందే నాలుగైదు సార్లు కూర్చోబెట్టి రాయించండి. చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. నేను ఇన్విజిలేషన్ చేసిన ఒక గదిలో మంచి తెలివైన పిల్ల స్క్రైబుకి చెప్పడం అలవాటు లేక మొదటి అరగంటా తడబడింది.

*

ప్రశ్న: అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలు చేయడం ఎత్తేశాకే చదువులు పాడయ్యాయి. మళ్లీ పెట్టాలి. మీరు ఒప్పుకుంటారా?
(ఒక పెద్దాయన, విజయనగరం కంటోన్మెంట్)

జవాబు: ఒప్పుకోను, బాబూ. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఫెయిలు చేయొద్దంది. 2019లో సవరించి, అయిదులోనూ ఎనిమిదిలోనూ పరీక్ష పెట్టి, తప్పితే రెండు నెలల్లో మళ్లీ పెట్టి, అప్పటికీ తప్పితే ఆపే వీలు రాష్ట్రాలకి ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకి అది తెచ్చింది. పరీక్ష పెట్టడం వరకూ, మళ్లీ చెప్పి మళ్లీ పెట్టడం వరకూ నాకు అభ్యంతరం లేదు.

ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉన్న రోజులు నేను చూశాను. పిల్లలు ట్రాక్టరెక్కి పక్క ఊరి సెంటరుకి వెళ్లేవారు, జాతరలా ఉండేది. పలాస దగ్గర పనిచేసినప్పుడు ఒక ఏడాది మా బడిలో ఏడో తరగతి తప్పినవాళ్లు పద్దెనిమిది మంది. జూన్‌లో మళ్లీ బడికి వచ్చినవాళ్లు నలుగురు. తొమ్మిది మంది ఆడపిల్లలు జీడిపప్పు వలిచే పనికి పోయారు, జీడిరసం తగిలి వేళ్లు నల్లబడిపోయేవి. బజారులో కనబడితే చేతులు వెనక్కి పెట్టుకుని నమస్కారం మాస్టారూ అనేవారు. చదువు పాడవడం గురించి మాట్లాడుకుందాం, తప్పదు. కానీ ఆ పద్దెనిమిది మందిని ఆపడం వల్ల మిగతావాళ్ల చదువు ఏం బాగుపడిందో నేను అప్పుడూ చూడలేదు.

*

ప్రశ్న: మాస్టారూ, నేను టెన్త్. లెక్కలంటే భయం. 35 వస్తే చాలు. అందరికీ ఒకే పేపరు కాబట్టి మా లాంటివాళ్లకి తేలిక ప్రశ్నలు ఉంటాయా ఉండవా? చాలా టెన్షన్‌గా ఉంది.
(ఒక విద్యార్థిని, చీపురుపల్లి)

జవాబు: ఉంటాయి బంగారూ. పేపరు మొత్తం 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొదటి రెండు సెక్షన్లలోనే 28 మార్కులున్నాయి. అవి పెద్ద లెక్కలు కావు. సూత్రం వస్తే, నిర్వచనం వస్తే అయిపోయేవే ఎక్కువ. పై ఏడు మార్కులకి ఒక ఎనిమిది మార్కుల ప్రశ్న చాలు. సాంఖ్యకశాస్త్రంలో పట్టిక వేసి సగటు కట్టడం నేర్చుకో. రెండు సరళరేఖలకి గ్రాఫ్ గీయడం నేర్చుకో. సంభావ్యత చిన్న పాఠం, పాచికలూ పేకముక్కలే, వదలకు. రోజుకి గంట, ఈ మూడింటి మీదే కూర్చో. మిగతావి తర్వాత.

లెక్క పూర్తిగా రాకపోయినా వచ్చినంతవరకూ రాయి. ప్రతి మెట్టుకీ మార్కుంటుంది. దత్తాంశం రాసి సూత్రం రాసి వదిలేసినా ఏదో ఒకటి పడుతుంది, ఖాళీ పేజీకి ఏమీ పడదు. కొట్టివేతలు ఒక్క గీతతో కొట్టు, నల్లగా పులమకు. ప్రశ్న నంబరు మార్జిన్లో పెద్దగా, స్పష్టంగా వెయ్యి. నీ పేపరు ఆ రోజు నలభయ్యోది కావచ్చు, దిద్దేవాడికి సాయంత్రం నాలుగున్నర అయి ఉండొచ్చు.